బిట్టర్‌కు రెండు నక్షత్రాలు వేస్తున్న మిత్రులకు బహిరంగ లేఖ

మిత్రులకు నమస్కారం.

చదువుకో, ఉద్యోగానికో బ్రిటన్ వచ్చి, పబ్బులో బిట్టర్ అనే ఇక్కడి బీరు మొదటి పైంట్ (అరలీటరు పైచిలుకు గ్లాసు) సగం తాగకముందే, గ్లాసు ఫొటోతో సహా ఫోనులో నక్షత్రాలు వేసి తీర్పు చెప్పేస్తున్న తెలుగువారిని ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. ఇక్కడే పుట్టి పెరిగి అదే పని చేస్తున్నవారికీ ఇది వర్తిస్తుంది. వాళ్లు తెలుగు చదవరు కాబట్టి వాళ్ల వంతు మాటలు కూడా మీరే పడాలి.

మీ తీర్పులు నాకు కంఠస్థం. "వెచ్చగా ఉంది." "గ్యాసు లేదు." "మూడున్నర శాతమట, దీనికంటే మజ్జిగ నయం." "పులిసిపోయింది." "చూడటానికి కషాయంలా ఉంది." ఆపైన రెండు నక్షత్రాలు, దయతలిస్తే రెండున్నర. ఈ మాటల్లో కొన్ని అక్షరాలా నిజమని ఒప్పుకుంటాను. నా పేచీ అంతా మీరు బోనులో నిలబెట్టిన ముద్దాయి గురించే. శిక్ష పడుతున్నది బీరుకు. తప్పు చాలాసార్లు పబ్బుది.

ముందు ఏ బీరు గురించి మాట్లాడుతున్నామో తేల్చుకుందాం. పబ్బు కౌంటర్ మీద పొడవాటి పిడి ఉన్న హ్యాండ్‌పంప్‌ను లాగి గ్లాసులోకి పోస్తారే, ఆ రాగి రంగు బీరు. ఆల్కహాల్ సాధారణంగా 3.4 శాతం నుంచి 4 శాతం దాకా. ఆ పైన బెస్ట్ బిట్టర్ అనే మెట్టు మొదలవుతుంది, సరిహద్దు దగ్గర పేచీలు ఎప్పుడూ ఉండేవే. సఫోక్ తీరంలోని ఆడ్నమ్స్ వారి సౌత్‌వోల్డ్ బిట్టర్ 3.7 శాతం. యార్క్‌షైర్‌లోని మాషమ్‌లో కాచే బ్లాక్ షీప్ 3.8. లూయిస్ పట్టణంలోని హార్వీస్ వారి ససెక్స్ బెస్ట్ 4.0. వీటిని వడపోసి, పాశ్చరైజ్ చేసి, గ్యాసు ఎక్కించి పంపరు. పీపా బ్రూవరీ గేటు దాటేటప్పుడు లోపల ఈస్ట్ బతికే ఉంటుంది. పబ్బు సెల్లార్‌లో, అంటే పీపాలు ఉంచే నేలమాళిగలో, ఆ బీరు మరోసారి పులిసి, తనకు కావలసిన గ్యాసు తనే తయారు చేసుకుంటుంది. అంటే బ్రూవరీ పంపేది పూర్తయిన సరుకు కాదు. చివరి పని సెల్లార్ చూసుకునే మనిషిది. మీరు ఇచ్చే మార్కులు మాత్రం బ్రూవరీ ఖాతాలో పడుతున్నాయి.

వెచ్చదనం సంగతి చూద్దాం. ఈ బీరు ఇవ్వవలసిన ఉష్ణోగ్రత 11 నుంచి 13 డిగ్రీలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్రిజ్‌లోంచి తీసిన సీసా నాలుగైదు డిగ్రీల దగ్గర ఉంటుంది, మన ఎండలకు అది న్యాయమే. కానీ ఆ చలిలో నాలుక మొద్దుబారుతుంది, మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) వాసన పైకి రాదు. 12 డిగ్రీల దగ్గర గ్లాసు చేతికి చల్లగానే తగులుతుంది. తగలడం లేదా? అయితే మీ ఫిర్యాదు సరైనదే, ఆ పబ్బువాళ్లు సెల్లార్‌ను పట్టించుకోవడం లేదు. లేదా మీరు తలుపులు తీయగానే వెళ్లి, సెల్లార్ నుంచి పంపు దాకా ఉన్న గొట్టంలో రాత్రంతా నిలవ ఉన్న బీరు తాగారు. మంచి పబ్బుల్లో పొద్దున్నే ఆ నిలవ బీరును లాగి పారబోస్తారు. పారబోయని చోట మొదట వచ్చినవాడికి అంటగడతారు.

గ్యాసు కూడా అంతే. లాగర్‌లో, అంటే మన సీసాల్లో మామూలుగా వచ్చే పసుపు రంగు బీరులో, కరిగి ఉండే కార్బన్ డయాక్సైడ్‌లో సగం కూడా ఇందులో ఉండదు, ఉండకూడదు కూడా. అలా ఉండటం వల్లనే పొట్ట ఉబ్బకుండా నిదానంగా తాగగలుగుతాం. అయితే తక్కువ గ్యాసు వేరు, చచ్చిపోయిన బీరు వేరు. తాజాగా ఉన్న బిట్టర్ నాలుక మీద సన్నగా చురుక్కుమంటుంది. ఆ చురుకు లేకుండా, తడిసిన అట్టపెట్టె వాసనో, వెనిగర్ ఛాయో తగిలితే ఆ పీపా తెరిచి చాలా రోజులైనట్టు.

ఇక్కడ లెక్క ఒకటి చెప్పాలి, ఎందుకంటే బిట్టర్ పరువు చాలా మటుకు దీని మీదే ఆధారపడి ఉంది. పబ్బుల్లో ఎక్కువగా వాడే చిన్న పీపా పేరు ఫర్కిన్. అందులో 9 గ్యాలన్లు, అంటే 72 పైంట్లు. అడుగున మడ్డి పోగా అమ్ముకోగలిగేది ఇంకా తక్కువ. ఒక్కో పైంట్ లాగినప్పుడల్లా పీపాలోకి ఆ మేరకు గాలి వెళుతుంది. గాలి తగిలిన బీరు చెడటం మొదలవుతుంది. కాబట్టి తెరిచిన పీపా మూడు రోజుల్లో ఖాళీ కావాలనేది ఈ వృత్తిలో అందరూ చెప్పే నియమం. మూడు రోజుల్లో 72 పైంట్లంటే రోజుకు 24. ఇప్పుడు ఎనిమిది హ్యాండ్‌పంపులు వరుసగా నిలబెట్టుకున్న పబ్బును ఊహించుకోండి. రోజుకు 192 పైంట్లు, అదీ కేవలం ఈ రకం బీరే అమ్ముడుపోవాలి. వానపడే మంగళవారం రాత్రి ఆ పబ్బులో కూర్చున్నది తొమ్మిది మంది. అందులో ఐదుగురి చేతుల్లో లాగర్, ఒకావిడ ముందు నిమ్మకాయ సోడా.

అన్ని పంపులు చూసి "ఎంత వైవిధ్యం!" అని మురిసిపోతూ రాసే సమీక్షలు చదివినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎనిమిది పంపుల పబ్బు కంటే రెండు పంపులు ఉండి, ఆ రెంటినీ రోజూ ఖాళీ చేసే పబ్బు నూరు రెట్లు నయం.

మన ఊళ్లలో ఈ సంగతి ఎవరికీ విడమరిచి చెప్పనక్కరలేదు. పొద్దున దించిన కల్లు తియ్యగా ఉంటుంది, ఎండెక్కేకొద్దీ ఘాటెక్కుతుంది, సాయంత్రానికి పులిసిపోతుంది. పులిసిన కల్లు తాగి తాటిచెట్టును తిట్టినవాడిని నేనెక్కడా చూడలేదు. ఎప్పుడు దించారని గీత కార్మికుణ్ణి అడుగుతాం, అంతే. అదే ప్రశ్న పబ్బులో ఎందుకు అడగరు?

నిదానంగా అమ్ముడుపోయే పబ్బుల కోసం పరిశ్రమ వేరే ఉపాయం కనిపెట్టింది. 2024లో కార్ల్స్‌బర్గ్ మార్స్టన్స్ సంస్థ 'ఫ్రెష్ ఏల్' పేరుతో కొన్ని బీర్లు తెచ్చింది. అవి కెగ్‌లో, అంటే గాలి చొరబడని డబ్బాలో వచ్చే బీర్లు, తెరిచాక పీపా బీరు కంటే ఎక్కువ రోజులు నిలుస్తాయి. అయినా పోసేది మాత్రం హ్యాండ్‌పంప్ లాంటి దాని నుంచే. కౌంటర్ ఇవతల నిలబడ్డ మనిషికి తేడా ఎలా తెలుస్తుంది? వినియోగదారుల సంఘమైన కామ్రా దీనికి అభ్యంతరం చెప్పింది. ఆ బీరు బాగుండవచ్చు, నా గొడవ రుచి గురించి కాదు. హ్యాండ్‌పంప్ కనిపిస్తే లోపల బతికున్న బీరు ఉందని నమ్మడం ఇక్కడ అలవాటు. ఆ నమ్మకాన్ని వాడుకుని అమ్మితే, మీరు ఫోనులో ఇచ్చే మార్కులు అసలు దేనికి ఇస్తున్నారో మీకే తెలియకుండా పోతుంది.

నురుగు గురించి క్లుప్తంగా. ఉత్తర ఇంగ్లాండ్‌లో పంపు మూతికి స్పార్క్లర్ అనే సన్నని చిల్లుల బిళ్ల తగిలిస్తారు. బీరు ఆ చిల్లుల్లోంచి దూసుకొచ్చి మీగడలాంటి నురుగు కడుతుంది, చేదు కాస్త మెత్తబడుతుంది. దక్షిణాదిన అది కనిపిస్తే మొహం చిట్లిస్తారు. ఉన్న కాస్త గ్యాసునూ నురుగులోకి లాగేస్తుందని వాళ్ల వాదన. యార్క్‌షైర్ బీరుకు ఉండాలి, ససెక్స్ బీరుకు ఉండకూడదు అనేది నా అభిప్రాయం. అందువల్ల లండన్‌లో తాగిన పైంట్ మీద నురుగు లేదని మార్కులు కోయకండి. నురుగు మరీ ఎక్కువై బీరు తగ్గిందనిపిస్తే గ్లాసు ముందుకు జరిపి నింపమనండి. పైంట్‌లో కనీసం 95 శాతం ద్రవం ఉండాలని, అడిగితే మొహం ముడుచుకోకుండా నింపాలని పరిశ్రమ తనకు తానే పెట్టుకున్న మార్గదర్శకం ఉంది.

శాకాహారుల కోసం ఒక్క మాట, ఎవరూ ముందుగా చెప్పరు కాబట్టి. పీపాలో తేలే ఈస్ట్ త్వరగా అడుగుకు దిగడానికి చాలా బ్రూవరీలు ఐసింగ్లాస్ అనే పదార్థం కలుపుతాయి. అది చేపల ఈత తిత్తుల నుంచి తీసినది. ఈస్ట్‌తో పాటు అదీ అడుగునే ఉండిపోతుంది నిజమే, అయినా పట్టింపు ఉన్నవాళ్లు అడగడం మంచిది. కొన్ని బ్రూవరీలు అది లేకుండానే చేస్తాయి, ఆ బీరు కొంచెం మబ్బుగా ఉంటుంది. అంచేత మబ్బుగా కనబడగానే చెడిపోయిందని తీర్మానించకండి.

ఇక మీ అసలు ఫిర్యాదుకు వద్దాం. నీళ్లలా ఉంది, మత్తు లేదు.

మన దగ్గర 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ సీసా 7 శాతం అనుకుంటే అందులో సుమారు 45 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. 568 మిల్లీలీటర్ల పైంట్, 3.7 శాతం బిట్టర్‌లో 21. మీ ఒక్క సీసా ఇక్కడి రెండు పైంట్ల కంటే ఎక్కువ. ఆ సీసా తాగేది పని ముగించడానికి. ఈ బిట్టర్ ఉన్నది కూర్చుని మాట్లాడుకోవడానికి. రెండు మూడు గంటల పాటు క్రికెట్ గురించో, ఇంటి అద్దె గురించో వాదించుకుంటూ తాగినా ఎదుటివాడి పేరు గుర్తుండాలి. బ్రిటిష్ బీర్ల బలం ఇంతగా తగ్గడానికి మొదటి ప్రపంచ యుద్ధం పెద్ద కారణం. ధాన్యం కొరత, ఆయుధ కార్మికులు తూలుతారన్న భయం, పన్నులు కలిసి బీరును పలచబరిచాయి. యుద్ధం అయిపోయాక కూడా అది పాత బలానికి తిరిగి రాలేదు. యుద్ధకాలంలో పెట్టిన మధ్యాహ్నపు పబ్బుల మూసివేత అయితే ఇంగ్లాండ్‌లో 1988 దాకా సాగింది. తాత్కాలికమన్నవే ఎక్కువ కాలం ఉంటాయని మనకు తెలియనిది కాదు.

ఆ పలచబడ్డ బీరులోనే రుచి నిలబెట్టడం బ్రూవరీలు నేర్చుకున్నాయి. పది శాతం స్టౌట్‌లో, అంటే ఘాటైన నల్ల బీరులో, లోపాలు దాచడం తేలిక. 3.7 శాతంలో దాక్కోవడానికి చోటు లేదు. మారిస్ ఆటర్ అనే పాత బార్లీ రకం నుంచి తీసిన మాల్ట్, దానికి తోడు కొంచెం క్రిస్టల్ మాల్ట్. వాటి నుంచి బిస్కెట్ వాసన, కొద్దిగా మాడిన చక్కెర ఛాయ వస్తాయి. హాప్స్ అంటే బీరుకు చేదునిచ్చే తీగ పూలు; కెంట్ పొలాల గోల్డింగ్స్ రకం పూల వాసననీ, ఫగుల్స్ రకం తడిమట్టి వాసననీ ఇస్తాయి. ఆపైన ఆ బ్రూవరీ ఈస్ట్ తన గుణం తాను చూపిస్తుంది. హార్వీస్ వాళ్లు 1957లో టాడ్‌కాస్టర్‌లోని జాన్ స్మిత్స్ నుంచి తెచ్చుకున్న ఈస్ట్‌నే నేటికీ ఒక విడత బీరు నుంచి మరో విడతకు వాడుకుంటూ వస్తున్నారు. ససెక్స్ బెస్ట్‌లో ఉండే ఆ కొద్దిపాటి పండు వాసనా, పొడి ముగింపూ చాలా మటుకు దాని చలవే. చివర్లో గొంతు ఆరినట్టయి మరో గుక్క అడిగే ఆ చేదే ఈ బీరు పనితనం.

అది మొదటి గుక్కలో తెలియదు. ఇక్కడే మీ పద్ధతితో నాకు అసలు తగువు. మూడో వంతు గ్లాసు పుచ్చుకుని, చప్పరించి, వెంటనే ఫోనులో మార్కులు వేసే పద్ధతిలో మొదటి గుక్కకే గట్టిగా కొట్టే బీర్లు గెలుస్తాయి. అందుకే రేటింగ్ జాబితాల శిఖరాన ఎప్పుడూ పది, పన్నెండు శాతం స్టౌట్‌లే. వాటి రెండో గ్లాసు ఎంతమంది తాగారు? బిట్టర్‌కు పరీక్ష మూడో గ్లాసు దగ్గర ఉంటుంది. అప్పటికీ విసుగు పుట్టకపోతే అది మంచి బిట్టర్. మూడు పైంట్లంటే సుమారు ఆరు యూనిట్లని (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల ఆల్కహాల్), వారానికి 14 దాటవద్దని ఇక్కడి వైద్యుల సలహా అని కూడా గుర్తుంచుకోండి. నేను వారానికి ఒక సాయంత్రం గురించే మాట్లాడుతున్నాను. కారు తాళాలు ఇంట్లో పెట్టి వచ్చిన సాయంత్రం గురించి.

పేరు మారితే నాలుక మారుతుందనడానికి ఒక ఉదాహరణ. కీత్లీలోని తిమొతీ టేలర్ వాళ్లు దశాబ్దాలుగా 'బెస్ట్ బిట్టర్' అనే పేరుతో 4 శాతం బీరు అమ్మారు. వాళ్లదే అయిన ల్యాండ్‌లార్డ్ అనే మరో బీరు పొందిన కీర్తి నీడలో అది ఎవరికీ పట్టలేదు. తర్వాత దాని పేరు బోల్ట్‌మేకర్‌గా మార్చారు. 2014లో కామ్రా పోటీలో బ్రిటన్ ఛాంపియన్ బీరుగా గెలిచింది. ఆ పోటీలో పేర్లు కనబడకుండా రుచి చూస్తారు. నేరుగా చెప్పాలంటే, బెస్ట్ బిట్టర్ అనే చీటీ చూసి తల తిప్పుకున్నవాళ్లలో చాలామంది ఆ తర్వాత బోల్ట్‌మేకర్ కోసం వెతుక్కుంటూ వెళ్లారు.

"మునుపటిలా లేదు" అనే ఇక్కడి పెద్దవాళ్ల ఫిర్యాదును మీరు వినే ఉంటారు. మూల కుర్చీలో కూర్చుని గొణిగే పెద్దాయన మాటను తేలిగ్గా తీసేయకండి. మాంచెస్టర్‌లో బాడింగ్టన్స్ అనే బిట్టర్‌లో చేదు తగ్గించారని అక్కడివాళ్లు ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 1989లో ఆ బ్రూవరీని విట్‌బ్రెడ్ అనే పెద్ద కంపెనీ కొన్నది, ఆ తర్వాత స్ట్రేంజ్‌వేస్‌లోని ఆ పాత బ్రూవరీ 2005లో మూతపడింది. లండన్ వాండ్స్‌వర్త్‌లో యంగ్స్ వారి ర్యామ్ బ్రూవరీ 2006లో మూసి, బీరు తయారీని బెడ్‌ఫర్డ్‌కు తరలించారు. లీడ్స్‌లో 1822 నుంచి ఉన్న టెట్లీ బ్రూవరీని కార్ల్స్‌బర్గ్ 2011లో మూసేసింది. పేరు అదే, పంపు మీద బొమ్మ అదే, కాచే ఊరు వేరు. పెద్దాయన గొణుగుడులో సగం తన యవ్వనం పోయిందన్న బాధ కావచ్చు. మిగతా సగం నిజమైన సాక్ష్యం.

ఇప్పుడు మరో మార్పు చప్పుడు లేకుండా జరుగుతోంది. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిటన్‌లో మద్యం సుంకాన్ని బలాన్ని బట్టి వేస్తున్నారు. ఆనాటి రేట్ల ప్రకారం పబ్బులో పీపా నుంచి పోసే బీరుకు, 3.5 శాతం లోపు అయితే లీటరు శుద్ధ ఆల్కహాల్‌కు 8.42 పౌండ్లు. 3.5 నుంచి పైకి వెళితే 19.08. పైంట్ లెక్కన చూస్తే 3.7 శాతం బిట్టర్ మీద సుమారు 40 పెన్నీలు, 3.4 శాతం అయితే 16. ఖర్చులు పెరిగిపోయి ఊపిరాడని బ్రూవరీకి ఆ 24 పెన్నీలు ఎంత ఆశ పెడతాయో చెప్పనక్కరలేదు. 3.4 దగ్గర మంచి బిట్టర్ చేయడం అసాధ్యమేమీ కాదు. కానీ "ఎలాగూ తాగేవాళ్లు దీనికి రెండు నక్షత్రాలే వేస్తారు" అని లెక్క చూసుకునే ఆఫీసుకు బలం తగ్గించడం మొదటి మెట్టు, పంపు తీసేయడం రెండోది. మీ మార్కులను వాళ్లు చదువుతారు.

తాగేవాళ్ల అభిప్రాయం ఏపాటిదిలే అనుకోకండి. 1971లో ఐర్లాండ్‌లోని కెర్రీకి సెలవులకు వెళ్లిన నలుగురు ఇంగ్లిష్ యువకులు, వాట్నీస్ రెడ్ బారెల్ లాంటి వడపోసిన, గ్యాసు కొట్టిన బీర్లతో విసిగిపోయి పెట్టుకున్న సంఘమే కామ్రా. పెద్ద కంపెనీలు చచ్చిందనుకున్న పీపా బీరు ఈనాటికీ దొరుకుతోందంటే అందులో వాళ్ల గొణుగుడు పాత్ర చాలా ఉంది. ఆ సంఘం సభ్యులు పబ్బుల్లో బీరు నాణ్యతకు సున్నా నుంచి ఐదు దాకా మార్కులు వేస్తారు. అందులో నాకు నచ్చిన నియమం ఒకటుంది. ఆ బీరు రకం మీకు ఇష్టమా కాదా అనేది పక్కన పెట్టి, ఆ పబ్బులో అది ఏ స్థితిలో ఉందో దానికే మార్కు వేయాలి. మార్కు బీరుకు కాదు, ఆ రోజు ఆ పబ్బుకు పడుతుంది.

మీరూ అలాగే చేయమని అడుగుతున్నాను. బీరు పేరుతో పాటు పబ్బు పేరు, రోజు రాయండి. ఆ పీపా ఎప్పుడు తెరిచారని అడగండి. సరైన పబ్బులో ఆ ప్రశ్నకు సంతోషంగా జవాబిస్తారు, తెలియదంటే అదీ సమాచారమే. గ్లాసులో వెనిగర్ వాసన వస్తే మొహమాటపడి సగం తాగి వెళ్లిపోకండి. కౌంటర్ దగ్గరకు తీసుకెళ్లి మర్యాదగా చెప్పండి. మారుస్తారు. మొహమాటం కొద్దీ అక్కడ నోరు విప్పకుండా, ఇంటికెళ్లి ఫోనులో బ్రూవరీని ఉతికేయడం మనవాళ్లలో మరీ ఎక్కువగా చూస్తున్నాను. పబ్బు యజమానులు పీపా తెరిచిన రోజును పంపు మీదే ఒక చీటీ రాసి అంటిస్తే ఈ అడగడాలన్నీ తప్పుతాయి. ఆ మాట వాళ్లకు విడిగా వాళ్ల భాషలో రాస్తాను.

ఇంత చేసి, తాజా పీపా నుంచి, సరైన చల్లదనంలో రెండు పైంట్లు తాగాక కూడా బిట్టర్ మీకు నచ్చకపోతే, నిర్భయంగా రెండు నక్షత్రాలు వేయండి. నేను మారు మాట్లాడను.

జవాబు రాయదలచినవారు ఏ పబ్బులో, ఏ రోజు, ఏ బీరు తాగారో చెప్పి రాయండి. స్పార్క్లర్ గురించి మాత్రం రాయకండి. ఆ వాదన వినే ఓపిక నాకు లేదు.

ఇట్లు,
రెండు పంపుల పబ్బు పక్కన ఇల్లు అద్దెకు తీసుకున్న మీ తెలుగు మిత్రుడు